ఆర్డుయినో సీఎల్ఐ సమగ్ర మార్గదర్శి: కోర్లు, లైబ్రరీలు, వెర్షన్లు అన్నీ టెర్మినల్ నుంచే

“పోయిన నెల పనిచేసిన కోడే. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఇప్పుడు కంపైల్ కావడం లేదు.” పాఠకులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఇలాంటప్పుడు చాలాసార్లు తప్పు కోడ్‌లో ఉండదు. కోడ్ కింద ఉన్న కోర్ (ఆ రకం బోర్డుకు కావలసిన కంపైలర్, మూల కోడ్‌ల ప్యాకేజీ) మారి ఉంటుంది, లేదా ఏదో ఒక లైబ్రరీ మారి ఉంటుంది. ఏ వెర్షన్ల మీద ఆ ఫర్మ్‌వేర్ (బోర్డులోకి ఎక్కించే ప్రోగ్రామ్) కట్టామో ఎక్కడా రాసి ఉండదు.

ఆర్డుయినో సీఎల్ఐని, అంటే ఆర్డుయినో పనులను టెర్మినల్ కమాండ్లతో చేయించే సాధనాన్ని, పద్ధతిగా వాడితే ఈ చిక్కు రాదు. పద్ధతి అంటే ఇంతే: ఏది ఏ వెర్షనో ముందే ఖరారు చేసుకోవాలి, ఆ ఖరారును ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఒక ఫైల్‌లో రాసిపెట్టాలి. కింద చెప్పే అడుగులన్నీ అక్కడికి చేర్చేవే. యూనో, నానో, ఈఎస్‌పీ32 బోర్డులతో పనిచేసే విద్యార్థులను, ల్యాబ్ నడిపే అధ్యాపకులను, చిన్న ఉత్పత్తులు తయారుచేసేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

కమాండ్లు చదివే తీరు: ఇక్కడ కమాండ్లన్నీ పలికినట్టుగా తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. లైబ్రరీల పేర్లలోనూ, కొన్ని ఐచ్ఛికాల్లోనూ మాత్రం పెద్ద అక్షరాలు వస్తాయి. ఖాళీలు, అడ్డగీతలు, కోలన్లు, @ గుర్తు ఎక్కడ ఉంటే అక్కడే ఉంచండి. స్పెల్లింగు మీద అనుమానం వస్తే ఏ కమాండ్ చివరనైనా --హెల్ప్ చేర్చి నొక్కండి, సరైన రూపం తెర మీద కనిపిస్తుంది.

## 1. మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి

☐ యూఎస్‌బీ కేబుల్ డేటా కేబులేనా? ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉన్నాయి. బోర్డు మీద దీపం వెలుగుతుంది, పోర్టు మాత్రం కనిపించదు.

☐ డిస్కులో కొన్ని జీబీల ఖాళీ ఉందా? యూనోకు కావలసిన ఏవీఆర్ కోర్ చిన్నదే. ఈఎస్‌పీ32 కోర్ అలా కాదు. డౌన్‌లోడే వందల ఎంబీలు, విప్పాక ఇంకా పెరుగుతుంది.

☐ బోర్డు మీద యూఎస్‌బీ చిప్ ఏది? సీహెచ్340, సీపీ2102, లేక అసలు యూనోలో ఉండే ఏటీమెగా16యూ2? పోర్టు పేరు, డ్రైవర్ సమస్యలు దీని మీదే ఆధారపడి ఉంటాయి.

☐ ఇదే కంప్యూటర్‌లో ఆర్డుయినో ఐడీఈ 2 (బటన్లతో పనిచేసే ఎడిటర్) ఉందా? ఉంటే ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఐడీఈ 2 లోపల పనిచేసేది కూడా సీఎల్ఐయే. మామూలుగా రెండూ ఒకే డేటా ఫోల్డర్‌ను పంచుకుంటాయి. ఐడీఈలో ఎవరైనా అప్‌డేట్ బటన్ నొక్కితే టెర్మినల్‌లో మీరు వాడే కోర్ కూడా మారిపోతుంది. చాలామంది “దానంతట అదే మారింది” అనేది ఇదే.

☐ ప్రాజెక్టు ఫోల్డర్‌ను గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే సాధనం) పెట్టారా? పెట్టకపోతే ఇప్పుడే పెట్టండి. ఎనిమిదో అడుగుకు వచ్చేసరికి దాని విలువ తెలుస్తుంది.

## 2. సీఎల్ఐని ఇన్‌స్టాల్ చేయడం

ఇది ఒకే ఒక్క ఫైల్. విడిగా పైథాన్, జావా ఏదీ అక్కర్లేదు.

మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఉంటే:

```
బ్రూ ఇన్‌స్టాల్ ఆర్డుయినో-సీఎల్ఐ
```

విండోస్‌లో విన్‌గెట్‌తో పెట్టుకోవచ్చు, లేదా అధికారిక పేజీ నుంచి జిప్ ఫైల్ దించుకుని విప్పి, ఆ ఫోల్డర్‌ను పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చవచ్చు. లినక్స్‌లో అధికారిక ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ తేలిక. అయితే ఆ స్క్రిప్ట్ ఏ ఫోల్డర్‌లో నిలబడి నడిపిస్తే అందులోనే ‘బిన్’ అనే ఫోల్డర్‌లో ఫైల్ పెడుతుంది. ఆ ఫోల్డర్ పాత్‌లో లేకపోతే “కమాండ్ దొరకలేదు” అనే సందేశం వస్తుంది. బిన్‌డిర్ (అన్నీ పెద్ద అక్షరాల్లో) అనే ఎన్విరాన్‌మెంట్ చరరాశిలో పాత్‌లో ఉన్న ఫోల్డర్ పేరు ముందే ఇచ్చి స్క్రిప్ట్ నడపండి.

ఇన్‌స్టాల్ అయిందో లేదో చూడటానికి:

```
ఆర్డుయినో-సీఎల్ఐ వెర్షన్
```

వెర్షన్ సంఖ్య 0తో మొదలైతే అది పాతది. 1.0 సిరీస్ 2024లో వచ్చింది. కొన్ని ఐచ్ఛికాల పేర్లు, జేసన్ ఫలితాల రూపం అప్పుడు మారాయి. అంతకుముందు రాసిన స్క్రిప్ట్‌లు నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారు 1తో మొదలయ్యే వెర్షనే వాడండి.

ఇంకో చిన్న సదుపాయం: ‘కంప్లీషన్’ ఉపకమాండ్‌తో మీ షెల్‌కు ట్యాబ్ పూరణ ఏర్పాటు చేసుకోవచ్చు. స్పెల్లింగు తప్పులు సగం తగ్గిపోతాయి.

## 3. కాన్ఫిగరేషన్ ఫైల్

```
ఆర్డుయినో-సీఎల్ఐ కాన్ఫిగ్ ఇనిట్
ఆర్డుయినో-సీఎల్ఐ కాన్ఫిగ్ డంప్
```

మొదటిది ఫైల్‌ను సృష్టిస్తుంది, రెండోది ప్రస్తుత అమరికను చూపిస్తుంది. ఫైల్ ఉండే చోటు: లినక్స్‌లో హోమ్ ఫోల్డర్ లోపల చుక్కతో మొదలయ్యే ‘ఆర్డుయినో15’, మ్యాక్‌లో ‘లైబ్రరీ’ ఫోల్డర్ లోపల ‘ఆర్డుయినో15’, విండోస్‌లో లోకల్ యాప్‌డేటా లోపల ‘ఆర్డుయినో15’. కోర్లు, కంపైలర్లు కూడా ఇక్కడే చేరతాయి. లైబ్రరీలు మాత్రం విడిగా మీ ‘ఆర్డుయినో’ ఫోల్డర్‌లో ఉంటాయి. ఈ రెండు చోట్లూ గుర్తుంటే తరువాత వెతుకులాట ఉండదు.

ఈఎస్‌పీ32 లాంటి ఇతర సంస్థల బోర్డులకు ఇండెక్స్ (దొరికే కోర్ల, వెర్షన్ల జాబితా) చిరునామా చేర్చాలి. ఎస్ప్రెసిఫ్ సంస్థ అధికారిక డాక్యుమెంటేషన్‌లో స్థిరమైన విడుదలల ఇండెక్స్ చిరునామా ఉంటుంది. అక్కడి నుంచే కాపీ చేసుకోండి. చేత్తో టైపు చేయవద్దు.

```
ఆర్డుయినో-సీఎల్ఐ కాన్ఫిగ్ యాడ్ బోర్డ్_మేనేజర్.అడిషనల్_యూఆర్ఎల్స్ <చిరునామా>
```

ఇక్కడ ‘యాడ్’ బదులు ‘సెట్’ వాడితే అప్పటిదాకా ఉన్న చిరునామాలన్నీ పోయి కొత్తది ఒక్కటే మిగులుతుంది. రెండో బోర్డు చేర్చగానే మొదటిది మాయమైందని అడిగేవారిలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఇదే.

నెట్ నెమ్మదిగా ఉన్నచోట ఈఎస్‌పీ32 డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయి గడువు మీరిందన్న సందేశం వస్తుంది. మామూలు గడువు 60 సెకన్లు. దాన్ని పెంచండి:

```
ఆర్డుయినో-సీఎల్ఐ కాన్ఫిగ్ సెట్ నెట్‌వర్క్.కనెక్షన్_టైమవుట్ 600ఎస్
```

కళాశాల నెట్‌వర్క్ ప్రాక్సీ వెనక ఉంటే ‘నెట్‌వర్క్.ప్రాక్సీ’ అనే అమరికలో ఆ చిరునామా ఇవ్వాలి. బ్రౌజర్‌లో నెట్ వస్తున్నా టెర్మినల్‌లో రాకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

## 4. కోర్ ఇన్‌స్టాల్: వెర్షన్‌తో సహా

ముందు ఇండెక్స్ తాజా చేసుకోవాలి, తరువాత వెతకాలి, ఆ తరువాతే ఇన్‌స్టాల్ చేయాలి. కొత్త చిరునామా చేర్చాక ఇండెక్స్ తాజా చేయకుండా వెతికితే ఫలితం శూన్యం.

```
ఆర్డుయినో-సీఎల్ఐ కోర్ అప్‌డేట్-ఇండెక్స్
ఆర్డుయినో-సీఎల్ఐ కోర్ సెర్చ్ ఈఎస్‌పీ32
ఆర్డుయినో-సీఎల్ఐ కోర్ ఇన్‌స్టాల్ ఆర్డుయినో:ఏవీఆర్@1.8.6
ఆర్డుయినో-సీఎల్ఐ కోర్ ఇన్‌స్టాల్ ఈఎస్‌పీ32:ఈఎస్‌పీ32@2.0.17
ఆర్డుయినో-సీఎల్ఐ కోర్ లిస్ట్
```

@ గుర్తు తరువాతి సంఖ్యను వదిలేయవద్దు. వదిలేస్తే ఆ రోజుకు ఏది తాజాదో అది వస్తుంది. ఈ రోజు మీకు ఒకటి, రెండు నెలల తరువాత మీ స్నేహితుడికి ఇంకొకటి.

దీని ప్రభావం ఎంతో ఈఎస్‌పీ32 కోర్ చూపించింది. 2024లో వచ్చిన 3.0లో పీడబ్ల్యూఎం (పిన్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేసి మోటారు వేగాన్ని, దీపం వెలుగును నియంత్రించే పద్ధతి) రాసే తీరే మారింది. 2.0 సిరీస్‌లో ‘ఎల్ఈడీసీ సెటప్’తో చానల్‌ను సిద్ధం చేసి, ‘ఎల్ఈడీసీ అటాచ్‌పిన్’తో పిన్‌ను దానికి కలిపేవాళ్లం. 3.0లో ఆ రెండూ తీసేసి ‘ఎల్ఈడీసీ అటాచ్’ ఒక్కటే పెట్టారు. ఇంతవరకు ఫరవాలేదు, కంపైలర్ లోపం చూపిస్తుంది, దిద్దుకుంటాం. ప్రమాదమంతా ‘ఎల్ఈడీసీ రైట్’లో ఉంది. పేరు అదే, రెండు విలువలు తీసుకోవడమూ అంతే. మొదటి విలువ మాత్రం మునుపు చానల్ సంఖ్య, ఇప్పుడు పిన్ సంఖ్య. పై రెండు పంక్తులు మాత్రమే దిద్ది దీన్ని వదిలేస్తే కోడ్ శుభ్రంగా కంపైల్ అవుతుంది, మోటారు మాత్రం తిరగదు. కోర్ వెర్షన్ ఏదో తెలియకుండా ఇలాంటి తప్పును వెతకడం చాలా కష్టం.

మామూలు ఇన్‌స్టాల్‌లో ఒక కోర్‌కు ఒకసారికి ఒకే వెర్షన్ ఉంటుంది. 3.0 ఉన్నచోట 2.0.17 ఇన్‌స్టాల్ చేస్తే 3.0 పోతుంది. రెండు ప్రాజెక్టులకు రెండు వెర్షన్లు కావాలంటే దారి ఎనిమిదో అడుగులో ఉంది.

## 5. బోర్డును గుర్తించడం

```
ఆర్డుయినో-సీఎల్ఐ బోర్డ్ లిస్ట్
```

అసలు యూనో అయితే పేరుతో సహా కనిపిస్తుంది. సీహెచ్340 ఉన్న నకలు బోర్డులు, చాలా ఈఎస్‌పీ32 బోర్డులు ‘అన్‌నోన్’ అని వస్తాయి. కంగారు పడనక్కర్లేదు, బోర్డు పాడైందని అర్థం కాదు. ఆ యూఎస్‌బీ చిప్ ఏ బోర్డు మీదనైనా ఉండవచ్చు కాబట్టి సీఎల్ఐ పేరు చెప్పలేకపోతోంది, అంతే.

పోర్టులు చాలా ఉండి ఏది మీదో తెలియకపోతే ఆ కమాండ్‌కే --వాచ్ చేర్చి నడపండి. కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. వచ్చి పోయే పోర్టే మీది. లినక్స్‌లో అసలు యూనో ‘టీటీవైఏసీఎం0’గా, సీహెచ్340 బోర్డు ‘టీటీవైయూఎస్‌బీ0’గా, విండోస్‌లో ‘కామ్3’ లాంటి పేరుతో కనిపిస్తాయి.

తరువాత కావలసింది ఎఫ్‌క్యూబీఎన్, అంటే బోర్డు పూర్తి చిరునామా. ఇందులో తయారీదారు, ప్రాసెసర్ కుటుంబం, బోర్డు పేరు కోలన్లతో వరసగా వస్తాయి. ఉదాహరణకు ‘ఆర్డుయినో:ఏవీఆర్:యూనో’. నాలుగో భాగంగా ఐచ్ఛికాలు చేర్చవచ్చు. అవి ఏమేమిటో చూడటానికి:

```
ఆర్డుయినో-సీఎల్ఐ బోర్డ్ డీటెయిల్స్ --ఎఫ్‌క్యూబీఎన్ ఆర్డుయినో:ఏవీఆర్:నానో
```

నానో వాడేవారు ఈ జాబితాను తప్పక చూడాలి. మార్కెట్లో దొరికే నకలు నానోలలో చాలావాటిలో పాత బూట్‌లోడర్ (యూఎస్‌బీ ద్వారా కోడ్ అందుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంటుంది. వాటికి ‘ఆర్డుయినో:ఏవీఆర్:నానో:సీపీయూ=ఏటీమెగా328ఓల్డ్’ అని ఇవ్వాలి. పాతది 57600 వేగంతో, కొత్తది 115200 వేగంతో మాట్లాడతాయి. వేగం కలవకపోతే అప్‌లోడ్ దగ్గర ‘ప్రోగ్రామర్ ఈజ్ నాట్ రెస్పాండింగ్’ అన్న సందేశం వరసగా వస్తూనే ఉంటుంది.

## 6. లైబ్రరీలు

```
ఆర్డుయినో-సీఎల్ఐ లిబ్ సెర్చ్ డీహెచ్‌టీ
ఆర్డుయినో-సీఎల్ఐ లిబ్ ఇన్‌స్టాల్ "డీహెచ్‌టీ సెన్సర్ లైబ్రరీ@1.4.6"
ఆర్డుయినో-సీఎల్ఐ లిబ్ డెప్స్ "డీహెచ్‌టీ సెన్సర్ లైబ్రరీ"
ఆర్డుయినో-సీఎల్ఐ లిబ్ లిస్ట్
```

పేరులో ఖాళీలు ఉంటే కొటేషన్ గుర్తులు తప్పనిసరి. లేకపోతే ప్రతి పదాన్నీ ఒక లైబ్రరీ పేరు అనుకుంటుంది.

ఒక లైబ్రరీ ఇంకో లైబ్రరీ మీద ఆధారపడితే దాన్ని కూడా తెచ్చిపెడుతుంది. పై ఉదాహరణలో అడాఫ్రూట్ యూనిఫైడ్ సెన్సర్ అలా వచ్చేదే. అది ఏ వెర్షన్‌లో వచ్చిందో ‘లిబ్ లిస్ట్’లో చూసి రాసిపెట్టుకోండి. తరువాత అవసరం.

పాత పాఠాల నుంచి కోడ్ తీసుకునేటప్పుడు అది ఏ వెర్షన్ కాలం నాటిదో చూడాలి. ఆర్డుయినోజేసన్ దీనికి మంచి ఉదాహరణ. 5వ వెర్షన్‌లో ‘జేసన్‌బఫర్’తో రాసేవారు. 6లో అది పోయి ‘జేసన్‌డాక్యుమెంట్’ వచ్చింది. ‘జేసన్‌బఫర్’ కనిపించే పాఠం దొరికితే ఆ లైబ్రరీని వెనక్కి దించడం కన్నా కోడ్‌ను 6కో 7కో మార్చుకోవడమే నా సలహా. నేర్చుకునేది కొత్తదే నేర్చుకోవడం మేలు.

గిట్ నుంచి, జిప్ నుంచి నేరుగా లైబ్రరీ పెట్టుకునే సౌకర్యం ఉంది కానీ దాన్ని డిఫాల్ట్‌గా మూసి ఉంచారు. ‘లైబ్రరీ.ఎనేబుల్_అన్‌సేఫ్_ఇన్‌స్టాల్’ను ట్రూ చేస్తేనే తెరుచుకుంటుంది. పేరులోనే హెచ్చరిక ఉంది. నమ్మకమైన మూలమైతేనే వాడండి.

## 7. కంపైల్, అప్‌లోడ్, మానిటర్

```
ఆర్డుయినో-సీఎల్ఐ స్కెచ్ న్యూ తోట
ఆర్డుయినో-సీఎల్ఐ కంపైల్ --ఎఫ్‌క్యూబీఎన్ ఆర్డుయినో:ఏవీఆర్:యూనో --వార్నింగ్స్ ఆల్ తోట
ఆర్డుయినో-సీఎల్ఐ అప్‌లోడ్ --పోర్ట్ <పోర్టు> --ఎఫ్‌క్యూబీఎన్ ఆర్డుయినో:ఏవీఆర్:యూనో తోట
ఆర్డుయినో-సీఎల్ఐ మానిటర్ --పోర్ట్ <పోర్టు> --కాన్ఫిగ్ బాడ్‌రేట్=115200
```

స్కెచ్ అంటే ఆర్డుయినో ప్రోగ్రామ్, ‘తోట’ మన ఉదాహరణ స్కెచ్ పేరు. ఫోల్డర్ పేరు, అందులోని ప్రధాన స్కెచ్ ఫైల్ పేరు ఒకటే ఉండాలి. ఫోల్డర్ పేరు మాత్రమే మార్చి కంపైల్ చేస్తే ప్రధాన ఫైల్ లేదన్న లోపం వస్తుంది.

కంపైల్ అయ్యాక వచ్చే రెండు పంక్తులను చదవకుండా దాటిపోకండి. యూనోలో ప్రోగ్రామ్‌కు 32256 బైట్లు, చరరాశులకు 2048 బైట్లు ఉంటాయి. దీపాన్ని వెలిగించి ఆర్పే ‘బ్లింక్’ ఉదాహరణ 1.8 సిరీస్ కోర్‌తో 924 బైట్లు తీసుకుంటుంది. చరరాశులు 75 శాతం దాటితే స్థిరత్వం దెబ్బతినవచ్చని హెచ్చరిక వస్తుంది. బోర్డు కారణం లేకుండా రీసెట్ అవుతోందని అనేవారు ముందు ఆ పంక్తి చూడాలి. సీరియల్‌లో ముద్రించే పెద్ద వాక్యాలను ఎఫ్ మ్యాక్రోలో పెడితే అవి ఫ్లాష్‌లోనే ఉండిపోతాయి, ర్యామ్ మిగులుతుంది.

అప్‌లోడ్‌కు ముందు మానిటర్ మూసేయండి. ఒక పోర్టును ఒకసారికి ఒక ప్రోగ్రామే వాడాలి.

## 8. వెర్షన్లన్నీ ప్రాజెక్టులోనే: స్కెచ్ యామల్ ఫైల్

మొత్తం పనిలో అతి ముఖ్యమైన అడుగు ఇదే. ఓపికగా చేయండి.

స్కెచ్ ఫోల్డర్‌లో ‘స్కెచ్.యామల్’ అనే ఫైల్ పెట్టాలి. అందులో ఒకటి లేదా ఎక్కువ ప్రొఫైళ్లు రాయాలి. ఒక్కో ప్రొఫైల్‌లో బోర్డు, కోర్ వెర్షన్, లైబ్రరీల వెర్షన్లు ఉంటాయి. రూపం ఇలా ఉంటుంది:

```
ప్రొఫైల్స్:
  యూనో-తోట:
    ఎఫ్‌క్యూబీఎన్: ఆర్డుయినో:ఏవీఆర్:యూనో
    ప్లాట్‌ఫామ్స్:
      - ప్లాట్‌ఫామ్: ఆర్డుయినో:ఏవీఆర్ (1.8.6)
    లైబ్రరీస్:
      - డీహెచ్‌టీ సెన్సర్ లైబ్రరీ (1.4.6)
      - అడాఫ్రూట్ యూనిఫైడ్ సెన్సర్ (1.1.14)
డిఫాల్ట్_ప్రొఫైల్: యూనో-తోట
```

ఈఎస్‌పీ32 ప్రొఫైల్ అయితే ప్లాట్‌ఫామ్ పంక్తి కింద ‘ప్లాట్‌ఫామ్_ఇండెక్స్_యూఆర్ఎల్’ అని రాసి ఆ ఇండెక్స్ చిరునామా ఇవ్వాలి. మీ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఆ చిరునామా ఉన్నా ఇక్కడ మళ్లీ రాయాలి. ప్రాజెక్టు తీసుకునే అవతలి మనిషి కంప్యూటర్‌లో అది ఉండకపోవచ్చు కదా.

చేత్తో రాయడం కష్టమనిపిస్తే ఇప్పటికే పనిచేస్తున్న అమరిక నుంచే ప్రొఫైల్‌ను రాబట్టవచ్చు:

```
ఆర్డుయినో-సీఎల్ఐ కంపైల్ --ఎఫ్‌క్యూబీఎన్ ఆర్డుయినో:ఏవీఆర్:యూనో --డంప్-ప్రొఫైల్ తోట
```

ఆ కంపైల్‌లో నిజంగా వాడిన కోర్, లైబ్రరీల వెర్షన్లతో ప్రొఫైల్ తయారై తెర మీద వస్తుంది. దాన్ని కాపీ చేసి ఫైల్‌లో పెట్టి, ప్రొఫైల్ పేరు మార్చుకోండి. పాత ప్రాజెక్టు ఈరోజు కంపైల్ అవుతుంటే ఈ పని ఈరోజే చేయండి. రేపు కోర్ మారిపోతే ఈ అవకాశం ఉండదు.

ఆ తరువాత ఎఫ్‌క్యూబీఎన్ ఇవ్వనక్కర్లేదు:

```
ఆర్డుయినో-సీఎల్ఐ కంపైల్ --ప్రొఫైల్ యూనో-తోట తోట
ఆర్డుయినో-సీఎల్ఐ అప్‌లోడ్ --ప్రొఫైల్ యూనో-తోట --పోర్ట్ <పోర్టు> తోట
```

ప్రొఫైల్‌తో కంపైల్ చేసినప్పుడు మీరు మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన కోర్లను, లైబ్రరీలను సీఎల్ఐ పట్టించుకోదు. ఫైల్‌లో రాసినవాటినే విడిగా దించుకుని వాడుతుంది. అందుకే ఒక ప్రాజెక్టు 2.0.17 మీద, ఇంకొకటి 3 సిరీస్ మీద ఒకే కంప్యూటర్‌లో గొడవ లేకుండా ఉండగలవు. మొదటిసారి డౌన్‌లోడ్‌కు సమయం పడుతుంది. తరువాత పట్టదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- అంచు ఖాళీలకు ట్యాబ్ వాడటం. యామల్‌లో స్పేస్‌లే వాడాలి. ఒక్క ట్యాబ్ ఉన్నా ఫైల్ చదవదు.
- ఆధారపడే లైబ్రరీని రాయకపోవడం. హెడర్ ఫైల్ దొరకలేదన్న లోపం వస్తుంది. ‘లిబ్ డెప్స్’తో చూసి చేర్చండి.
- వెర్షన్ రాయకుండా కోర్ పేరు మాత్రమే ఇవ్వడం. అప్పుడు వెర్షన్ కట్టినట్టు కాదు.
- ప్రొఫైల్ ఉండగానే అలవాటుగా --ఎఫ్‌క్యూబీఎన్ ఇవ్వడం. అప్పుడు డిఫాల్ట్ ప్రొఫైల్ వాడకుండా మామూలుగా ఇన్‌స్టాల్ చేసినవాటితో కంపైల్ చేస్తుంది. వెర్షన్లు కట్టామనుకుంటాం, కట్టలేదు.
- ఈ ఫైల్‌ను గిట్‌లో చేర్చకపోవడం.

పని సరిగ్గా అయిందో లేదో తేల్చే పరీక్ష ఒక్కటే. ప్రాజెక్టును వేరే ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి, వీలైతే వేరే కంప్యూటర్‌లో, కేవలం ‘కంపైల్’ అని నడపండి. ఏమీ అడగకుండా పూర్తయితే ఆ ప్రాజెక్టును ఎవరికైనా అప్పగించవచ్చు.

## 9. అప్‌గ్రేడ్: ఎప్పుడు, ఏ వరసలో

‘అప్‌డేట్’ వేరు, ‘అప్‌గ్రేడ్’ వేరు. మొదటిది ఇండెక్స్‌ను మాత్రమే తాజా చేస్తుంది, భయం లేదు. రెండోది ఏ పేరూ ఇవ్వకుండా నడిపితే ఉన్న కోర్లు, లైబ్రరీలు అన్నిటినీ ఒక్కసారిగా కొత్త వెర్షన్లకు మారుస్తుంది. ప్రాజెక్టు ప్రదర్శనకు, వస్తువు డెలివరీకి ముందు వారంలో దీన్ని నడపవద్దని గట్టిగా చెబుతున్నాను.

ముందు చూడండి:

```
ఆర్డుయినో-సీఎల్ఐ అప్‌డేట్
ఆర్డుయినో-సీఎల్ఐ అవుట్‌డేటెడ్
```

తరువాత ఈ వరస పాటించండి:

1. గిట్‌లో కొత్త బ్రాంచ్ తీయండి.
2. కొత్త వెర్షన్ విడుదల గమనికలు చదవండి. మొదటి సంఖ్య మారితే, అంటే 2 నుంచి 3 అయితే, మార్పిడి సూచనలు విడిగా ఉన్నాయేమో చూసి పూర్తిగా చదవండి.
3. స్కెచ్ యామల్‌లో ఒక్క అంశం వెర్షన్ మాత్రమే మార్చండి. కోర్, లైబ్రరీ రెండూ కలిపి మారిస్తే లోపం ఎక్కడిదో తెలియదు.
4. --క్లీన్ చేర్చి కంపైల్ చేయండి. హెచ్చరికలన్నీ చదవండి.
5. పరిమాణం ఎంత పెరిగిందో పాతదానితో పోల్చండి.
6. బోర్డు మీద నడిపి, సెన్సర్లు, మోటార్లు, వైఫై ఒక్కొక్కటే పరీక్షించండి. కంపైల్ అయినంత మాత్రాన సరిపోదు, ‘ఎల్ఈడీసీ రైట్’ సంగతి పైన చూశాం.
7. అన్నీ సరిగ్గా ఉంటేనే ప్రధాన బ్రాంచ్‌లో కలపండి.

పనిచేస్తూ పొలంలోనో, ఇంట్లోనో బిగించి ఉన్న పరికరానికి అప్‌గ్రేడ్ అవసరమా అన్నది వేరే ప్రశ్న. భద్రతా లోపం దిద్దినట్టు విడుదల గమనికలు చెబితే అవసరమే, ముఖ్యంగా అది నెట్‌కు కలిసి ఉంటే. లేదంటే తొందర లేదు.

## 10. తరచూ వచ్చే లోపాలు, వాటి దారి

పోర్టు తెరవడానికి అనుమతి లేదు (లినక్స్). ఉబుంటు, డెబియన్‌లలో మీ యూజర్‌ను ‘డయలవుట్’ గ్రూపులో చేర్చాలి. ఆర్చ్‌లో ఆ గ్రూపు పేరు ‘యూయూసీపీ’. చేర్చాక లాగవుట్ అయి మళ్లీ రావాలి, టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు. అప్‌లోడ్‌ను సుడోతో నడపడం పరిష్కారం కాదు. అలా చేస్తే రూట్ యూజర్ కోసం వేరే డేటా ఫోల్డర్ ఏర్పడి, కోర్ ఇన్‌స్టాల్ కాలేదన్న కొత్త లోపం మొదలవుతుంది.

ఉబుంటు 22.04లో సీహెచ్340 బోర్డు కనిపించి వెంటనే మాయమవుతుంది. బ్రెయిలీ తెరలకు తోడ్పడే ‘బీఆర్ఎల్‌టీటీవై’ అనే ప్యాకేజీ ఆ చిప్‌ను తనదనుకుని పట్టుకుంటుంది. ‘డీఎంఈఎస్‌జీ’ కమాండ్ ఫలితంలో ఆ పేరు కనిపిస్తే అదే కారణం. ఆ కంప్యూటర్‌ను బ్రెయిలీ తెరతో ఎవరూ వాడకపోతే ప్యాకేజీని తీసేయండి. వాడేవారు ఉంటే తీయవద్దు. ఆ చిప్‌కు సంబంధించిన యూడెవ్ నియమాన్ని మాత్రం నిలిపివేయండి.

ఈఎస్‌పీ32కు కనెక్ట్ కాలేదు, ప్యాకెట్ హెడర్ కోసం గడువు ముగిసింది. ‘కనెక్టింగ్’ అని చుక్కలు వస్తున్నప్పుడు బోర్డు మీది బూట్ బటన్ నొక్కి పట్టుకోండి, రాయడం మొదలయ్యాక వదలండి. అయినా కాకపోతే కేబుల్ మార్చి చూడండి.

స్కెచ్ బోర్డులో పట్టడం లేదు (ఈఎస్‌పీ32). 4 ఎంబీ బోర్డులో డిఫాల్ట్ పార్టిషన్‌లో ప్రోగ్రామ్‌కు దక్కేది 1310720 బైట్లే. వైఫై, బ్లూటూత్ రెండూ వాడితే ఇది సులభంగా దాటిపోతుంది. ఎఫ్‌క్యూబీఎన్ చివర ‘పార్టిషన్‌స్కీమ్=హ్యూజ్_యాప్’ చేరిస్తే 3 ఎంబీ దొరుకుతుంది. అయితే దీంతో వైఫై ద్వారా ఫర్మ్‌వేర్ మార్చే సౌకర్యం పోతుంది. అది కావాలంటే సుమారు 1.9 ఎంబీ ఇచ్చే ‘మిన్_స్పిఫ్స్’ పార్టిషన్ వాడాలి, లేదా కోడ్‌నే తగ్గించుకోవాలి.

ఒకే హెడర్‌కు రెండు లైబ్రరీలు దొరికాయి. కంపైలర్ ఏది వాడిందో, ఏది వదిలిందో రెండు దారులూ చూపిస్తుంది. అక్కర్లేనిదాన్ని ‘లిబ్ అన్‌ఇన్‌స్టాల్’తో తీసేయండి. ప్రొఫైల్ వాడేవారికి ఈ లోపం అరుదు.

ఇన్‌స్టాల్ మధ్యలో ఆగి, తరువాత చెక్‌సమ్ కలవడం లేదని వస్తోంది. సగం దిగిన ఫైల్ నిల్వలో ఉండిపోయింది. ‘ఆర్డుయినో-సీఎల్ఐ క్యాష్ క్లీన్’ నడిపి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

## 11. నెట్ లేని ల్యాబ్ కంప్యూటర్లు

ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబ్ బాధ్యులు ఎక్కువగా అడిగేది ఇదే. ప్రతి కంప్యూటర్‌లో విడిగా డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు.

నెట్ ఉన్న ఒక కంప్యూటర్‌లో అన్నీ ఇన్‌స్టాల్ చేసి, ప్రయోగాలన్నీ ప్రొఫైళ్లతో ఒకసారి కంపైల్ చేయండి. అప్పుడు కావలసినవన్నీ దిగిపోతాయి. తరువాత ‘ఆర్డుయినో15’ ఫోల్డర్‌ను, లైబ్రరీలున్న ‘ఆర్డుయినో’ ఫోల్డర్‌ను, సీఎల్ఐ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో మిగతావాటికి అవే చోట్లకు కాపీ చేయండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటే అయి ఉండాలి. విండోస్‌లో తీసినది లినక్స్‌లో పనిచేయదు, ఎందుకంటే లోపల ఉన్న కంపైలర్లు దేనికది వేరు.

☐ కాపీ అయ్యాక ప్రతి కంప్యూటర్‌లో ‘కోర్ లిస్ట్’, ‘లిబ్ లిస్ట్’ నడిపి మూల కంప్యూటర్‌తో పోల్చండి.

☐ నెట్ తీసేసి ఒక ప్రయోగం కంపైల్ చేసి చూడండి.

☐ ఐడీఈ కూడా ఉంటే అప్‌డేట్ చేయవద్దని విద్యార్థులకు ముందే చెప్పండి.

చాలా బోర్డుల్లో ఒకే ఫర్మ్‌వేర్ ఎక్కించాలంటే ప్రతిసారీ కంపైల్ చేయడం వృథా. ఒకసారి --ఎక్స్‌పోర్ట్-బైనరీస్ చేర్చి కంపైల్ చేస్తే స్కెచ్ ఫోల్డర్‌లోని ‘బిల్డ్’ లోపల ఫలిత ఫైళ్లు మిగులుతాయి. తరువాత కేవలం అప్‌లోడ్:

```
ఆర్డుయినో-సీఎల్ఐ అప్‌లోడ్ --పోర్ట్ <పోర్టు> --ఎఫ్‌క్యూబీఎన్ ఆర్డుయినో:ఏవీఆర్:యూనో --ఇన్‌పుట్-డిర్ <బిల్డ్ ఫోల్డర్> --వెరిఫై
```

--వెరిఫై వల్ల రాసింది సరిగ్గా చేరిందో లేదో బోర్డు నుంచి తిరిగి చదివి సరిచూస్తుంది. అప్‌లోడ్ విఫలమైతే కమాండ్ సున్నా కాని ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. కాబట్టి స్క్రిప్ట్ రాసుకునేవారు ఆ కోడ్‌ను చూసి, విఫలమైన బోర్డు దగ్గరే ఆగేలా రాసుకోండి. ఎక్కించిన ఫైళ్లను, ఆ రోజు స్కెచ్ యామల్‌ను కలిపి గిట్‌లో ఒక ట్యాగ్ వేసి ఉంచితే, ఏడాది తరువాత ఒక బోర్డు తిరిగి వచ్చినా అందులో ఉన్నది ఏదో నిమిషంలో తేలుతుంది.